46 ఏళ్ళకి మళ్ళీ వీణ పట్టుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 46. రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగం. తొమ్మిదో ఏట నుంచి డిగ్రీ అయ్యేదాకా తెనాలిలో మా వీధిలోని టీచరుగారి దగ్గర వీణ నేర్చుకున్నాను, వర్ణాలు దాటి కొన్ని కృతుల దాకా వచ్చాను. పెళ్ళి, ట్రాన్స్‌ఫర్లు, పిల్లలు, అంతే, ఆగిపోయింది. వీణ అమ్మావాళ్ళింట్లో అటక మీద గుడ్డ కట్టి ఉంది. మొన్న అమ్మ ఇల్లు సర్దుతూ "దీన్ని ఎవరికైనా ఇచ్చేయనా" అని అడిగితే ఏడుపొచ్చింది. మళ్ళీ మొదలుపెడతానంటే మావారు "ఇప్పుడు నేర్చుకుని ఏం చేస్తావ్, కచేరీలు చేస్తావా" అన్నారు. వెటకారంగా కాదు, మామూలుగానే. (ఆయన రోజూ పొద్దున్నే షటిల్‌కి వెళ్తారు, మంచి మనిషే.) మా ఆడపడుచు డిప్లొమా చెయ్యి, రిటైరయ్యాక పాఠాలు చెప్పుకోవచ్చు అంటోంది. పాప ఇంటర్ సెకండియర్. నేను ఇంటికొచ్చేసరికి ఏడవుతుంది, వంట అయ్యాక ఫోన్ చూస్తూ పడుకుంటాను. ఈ వయసులో వేళ్ళు తిరుగుతాయా? పాప పరీక్షల ఏడాదిలో ఇలాంటి సరదా పెట్టుకోవడం స్వార్థమా? ఆ పాత వీణ పనికొస్తుందా, ఎలక్ట్రానిక్ వీణ కొనుక్కోనా?

సమాధానం:

ముందు మీ అమ్మగారికి ఫోన్ చేసి ఆ వీణ ఎవరికీ ఇవ్వొద్దని చెప్పండి. ఇది మొత్తం చదివాక చేద్దాంలే అనుకోకండి, ఇప్పుడే చేయండి. ఇంట్లో జాగా లేదని వీణ ఇచ్చేసి, తర్వాత ఎవరింట్లోనో దాన్ని షోకేసు పక్కన చూసి మనసు పాడుచేసుకున్నవాళ్ళు నాకు తెలుసు.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట మీరు బ్రాకెట్లలో పెట్టి రాశారు. మీవారు రోజూ షటిల్‌కి వెళ్తారు. వెళ్ళాలి, చాలా మంచిది. కానీ ఆయన రాకెట్ కొనుక్కున్న రోజున "ఇప్పుడు ఆడి ఏం చేస్తావ్, ఇండియా టీమ్‌లో చేరతావా" అని ఇంట్లో ఎవరైనా అడిగారా? ఎవరూ అడిగుండరు, అడగాలని మీకు కూడా తోచుండదు. ఆయన ఆడతారు ఎందుకంటే ఆడితే బాగుంటుంది, అక్కడితో లెక్క సరి. మీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం సరదాకి ఒక ఫలితం చూపించాలి. డబ్బులన్నా రావాలి, పిల్లలకన్నా నేర్పాలి, పోనీ పండక్కి దేవుడి ముందన్నా వాయించాలి. మీ ఆడపడుచుగారు చెప్పింది కూడా అదే దారి, ఆవిడ మీ మీద ప్రేమతోనే చెప్పారు, అయినా అదే దారి. మీరు నన్ను అడిగిన నాలుగు ప్రశ్నల్లో ఒక్కదాంట్లో కూడా "నాకు వీణ ఇష్టం" అన్న ముక్క లేదు. తెనాలిలో ఆ వీణ గురించి అమ్మ అడిగితే ఏడుపొచ్చిందని రాశారు కదా, ఇష్టం అక్కడ బయటపడింది. నాకు అది చాలు, మీకూ చాలాలి.

ఇది మీ ఒక్క ఇంటి సంగతి కాదు. 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతా చేసిన టైమ్ యూజ్ సర్వేలో, ఇంటిపనులు చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు వాటికి పెడుతుంటే, ఆ పనులు చేసే మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. దాదాపు ఐదు గంటలు ఒకవైపు, గంటన్నర ఒకవైపు. మీకు పైన ఉద్యోగం కూడా ఉంది. కాబట్టి రోజుకి అరగంట మీ కోసం తీసుకుంటే అది స్వార్థమా అన్న ప్రశ్నకి నా జవాబు: కాదు. ఇందులో నాకు రెండో మాట లేదు.

మీవారితో ఎలా చెప్పాలి అంటారా. ఆయన మంచి మనిషే అంటున్నారు కాబట్టి ఇది కష్టమేం కాదు, కానీ అడిగే పద్ధతి మారాలి. "మొదలుపెట్టనా?" అని అడిగితే ఎవరైనా ఆలోచించి ఏదో ఒక సలహా ఇస్తారు, అదే జరిగింది. ఈసారి "ఏమండీ, సోమవారం నుంచి ఏడుంపావు నుంచి ఏడూముప్పావు దాకా నేను వీణ దగ్గర కూర్చుంటాను, ఆ టైములో కుక్కర్ మీరు చూసుకోండి" అని చెప్పండి. టైము చెప్పండి, పని చెప్పండి. కచేరీల గురించి మళ్ళీ అంటే "మీరు షటిల్ ఎందుకు ఆడతారో నేనూ అందుకే" అనండి. గొడవగా అననక్కర్లేదు, నవ్వుతూ అంటే ఆయనకి ఇంకా బాగా అర్థమవుతుంది.

ఇక డిప్లొమా. మన ప్రభుత్వ సంగీత కళాశాలల మీద నాకు చాలా గౌరవం ఉంది. విజయనగరంలో 1919లో పెట్టిన కళాశాలకి ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్, తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడుగారు, అలాంటి చోట్ల నుంచి వచ్చిన చదువు అది. సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్ళు, ఆపైన డిప్లొమా రెండేళ్ళు. ఇరవైల్లో ఉన్నవాళ్ళు అడిగితే వెంటనే చేరమంటాను. మీకు మాత్రం ఇప్పుడే వద్దంటాను. ఎందుకంటే మీరు బ్యాంకు మనిషి, జేఏఐఐబీ, సీఏఐఐబీ లాంటి పరీక్షలు, ప్రమోషన్ టెస్టులు, టార్గెట్లు, ఆడిట్లు, జీవితమంతా ఎవరో ఒకరికి జవాబు చెప్పుకోవడంతోనే సరిపోయింది. వీణని కూడా సిలబస్‌లో పెట్టి, థియరీ నోట్సు బట్టీ కొట్టి, హాల్‌టికెట్ వచ్చిందా అని చూసుకుంటే ఆర్నెల్లలో అది మీకు ఇంకో బ్రాంచి అయిపోతుంది. రెండు మూడేళ్ళు వాయించాక, మీకే పరీక్ష రాయాలని ఉబలాటం పుడితే అప్పుడు రాయండి, ఎవరూ ఆపరు. రిటైరయ్యాక పాఠాలు చెప్పడం గురించి అయితే అసలు ఇప్పుడు ఆలోచించొద్దు. ఇష్టంతో చేసే పనికి సంపాదన తగిలించగానే దాని రుచి మారుతుంది, గిరాకీ ఉందా లేదా అన్న బెంగ లోపలికి వస్తుంది.

వేళ్ళు తిరుగుతాయా? తిరుగుతాయి. చిన్నప్పుడు పదేళ్ళకి పైగా వాయించిన చెయ్యి అది, ఎంత గ్యాప్ వచ్చినా వీణ మెడ మీద అడ్డంగా ఉండే మెట్లలో ఏ మెట్టు మీద ఏ స్వరం ఉందో చేతికి గుర్తుంటుంది, మొదటి వారంలోనే మీరు ఆశ్చర్యపోతారు. పోయేది ఏమిటంటే ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలు చివర్ల ఉండే గట్టి చర్మం. అది ఎప్పుడో మెత్తబడిపోయుంటుంది, సారణి, అంటే స్వరం పలికించే మొదటి తీగ, ఉక్కుది కాబట్టి కోసినట్టు మండుతుంది. మొదట్లో పది నిమిషాలే వాయించండి, రెండు పూటలా పది నిమిషాలు వీలైతే ఇంకా మంచిది. కొన్ని వారాల్లో మళ్ళీ కాయ కడుతుంది. నీళ్ళలో నానిన వేళ్ళతో మాత్రం కూర్చోకండి, గిన్నెలు తోమి వెంటనే వీణ పట్టుకుంటే చర్మం లేచిపోతుంది. వేలి చివర మంట అయితే ఓర్చుకోవచ్చు. మణికట్టు, మెడ, భుజం నొప్పి అయితే ఓర్చుకోకూడదు, ఆపేసి కూర్చునే తీరు చూసుకోవాలి. పగలంతా కంప్యూటర్ ముందు కూర్చున్న మెడ మీది. నేల మీద బాసింపట్టు వేసి కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తుంటే దివాన్ మీద కూర్చోండి, లేదా కుర్చీలో కూర్చుని వాయించేలా వీణని నిలబెట్టే స్టాండ్లు ఉన్నాయి, అవి వాడండి. అదేం తప్పు కాదు, పెద్ద విద్వాంసులే వాడుతున్నారు.

ఒక్క విషయంలో చాలా జాగ్రత్తగా ఉండండి. వీణ చేతికి రాగానే డిగ్రీ రోజుల్లో మీరు బాగా వాయించిన కృతి మీదకి వెళ్ళకండి. వెళ్ళాలనిపిస్తుంది, నాకు తెలుసు. కానీ చెవికి ఆ కృతి మీ ఇరవయ్యో ఏట ఎలా వినబడిందో అలాగే గుర్తుంటుంది, చెయ్యి మాత్రం అక్కడ ఉండదు, గమకం కోసం, అంటే స్వరాన్ని ఊపడం కోసం, తీగ లాగితే స్వరం చేరాల్సిన చోటికి చేరదు, ఆ తేడా విని చాలామంది రెండో రోజే వీణకి గుడ్డ కప్పేస్తారు. మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాల నుంచే మొదలుపెట్టండి. తర్వాత జంట స్వరాలు, ఏడు తాళాల అలంకారాలు, మొదటి కాలంలో నిదానంగా, తాళం తప్పకుండా. పక్కన శ్రుతి కోసం తంబురా యాప్ పెట్టుకోండి. ఒకటి రెండు నెలలు ఇంతకుమించి పోవద్దు. చిన్నప్పుడు ఇవన్నీ టీచరుగారు ఎప్పుడు ముగించి గీతంలోకి వెళ్తారా అని ఎదురుచూస్తూ వాయించి ఉంటారు. ఇప్పుడు ఎదురుచూడాల్సిన పని లేదు, ఒక్క 'స' మీటి అది ఎంతసేపు మోగుతుందో వినొచ్చు, మంద్రం తీగ మోగుతుంటే చెక్క మొత్తం అదరడం చేతికి తెలుస్తుంది. చిన్నపిల్లలకి ఈ ఓపిక ఉండదు, 46లో ఉంటుంది. తర్వాత ఒక గీతం, ఆ తర్వాత మీకు వచ్చిన వర్ణాల్లో ఒకటి. కృతి దానంతటదే వస్తుంది.

టీచరు కావాలా అంటే కావాలి, కనీసం మొదటి రెండు మూడు నెలలు ఎదురుగా కూర్చోబెట్టుకుని చెయ్యి సరిచేసేవాళ్ళు కావాలి. ఆ తర్వాత వారానికో పక్షానికో ఒక క్లాసు, ఆన్‌లైన్ అయినా ఫరవాలేదు, మీకు పునాది ఉంది కాబట్టి. మొదటి రోజే చెప్పేయండి, "అమ్మా, నాకు పరీక్షలు లేవు, స్టేజీ లేదు, నా కోసం నేర్చుకుంటున్నాను" అని. ఆ మాటకి మొహం చిన్నబుచ్చుకునే టీచరైతే ఇంకొకర్ని వెతుక్కోండి. వినడం కూడా అభ్యాసమే. వీణ విద్వాంసులు ఈమని శంకరశాస్త్రిగారిది ద్రాక్షారామం, ఆయన శిష్యులు చిట్టిబాబుగారిది కాకినాడ, ఇద్దరూ మీ గోదావరి వాళ్ళే, ఇద్దరి రికార్డింగులూ తేలిగ్గా దొరుకుతాయి. బ్యాంకుకి వెళ్ళే దారిలో నెలంతా ఒకే రాగం వినండి, ఒకే రాగాన్ని ఆ ఇద్దరూ ఎంత వేరుగా పలికిస్తారో వినండి.

టైము గురించి. వంటయ్యాక వాయిస్తాను అనుకుంటే జరగదు, ఇది కచ్చితంగా చెప్తున్నాను. వంట, భోజనాలు, గిన్నెలు అయ్యాక మనిషిలో మిగిలేది ఫోన్ చూసేంత ఓపికే, దానికి మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు. అందుకే ఇంటికి రాగానే, కాళ్ళు కడుక్కుని టీ తాగి, వంటింట్లోకి అడుగుపెట్టకముందే కూర్చోవాలి. ఒకసారి వంటింట్లోకి వెళ్తే మళ్ళీ బయటికి రావడం మన చేతుల్లో ఉండదు. ఇంకో ముఖ్యమైన సంగతి, వీణని గదిలో ఓ మూల చాప వేసి దాని మీదే ఉంచండి, పైన పల్చటి గుడ్డ కప్పండి. దాన్ని కవర్లో పెట్టి మంచం కిందో బీరువా మీదో పెట్టారంటే తీసి, తుడిచి, శ్రుతి చేసుకునేసరికే ఆ అరగంట అయిపోతుంది. రోజూ వాయించే వీణకి శ్రుతి పెద్దగా జారదు, తీగల చివర ఉండే లంగర్ల మీద పూసలు కాస్త జరిపితే సరిపోతుంది. వారం వదిలేస్తే ఏడు తీగలూ మొదటికి వస్తాయి. ఆదివారం మాత్రం గంట పెట్టుకోండి, తీగలు బిగించే బిరడాలు తిప్పి తీరిగ్గా శ్రుతి చేసుకోవడానికి.

పాప పరీక్షల సంగతికి వస్తాను. ఇంటర్ పరీక్షలయ్యాక ఈఏపీసెట్టు (మన పాత ఎంసెట్టే), దాని తర్వాత కౌన్సెలింగు, తర్వాత హాస్టలు, ఆ తర్వాత ఉద్యోగం, సంబంధాలు, పెళ్ళి, ఆపైన పురుడు. ఖాళీ ఏడాది అంటూ ఏదీ రాదండీ. మీరు పాతికేళ్ళుగా ఆ ఖాళీ కోసమే చూశారు, వచ్చిందా? పాప చదువుకునే గదికి దూరంగా కూర్చోండి, ఆ అమ్మాయినే అడిగి తనకి వీలైన టైము పెట్టుకోండి, పరీక్షలు జరిగే ఆ రెండు మూడు వారాలు తన పేపర్లని బట్టి టైము మార్చుకోండి, చాలు. అరగంట సరళీ స్వరాలు వినబడితే చదువు చెడదు, చాలా ఇళ్ళల్లో రాత్రి పదిదాకా సీరియళ్ళ మోత మధ్యే పిల్లలు చదువుతున్నారు. ఇంకో మాట, "అమ్మని చూసి పాప నేర్చుకుంటుంది" అని మీకు ఎవరైనా సర్దిచెప్తే వినకండి. నేర్చుకుంటే నేర్చుకోనివ్వండి, కానీ దాని కోసం మీరు వాయించడం లేదు.

మీరు మొదలుపెట్టిన సంగతి తెలియగానే చుట్టాల్లో ఎవరో ఒకరు, దసరాకి బొమ్మలకొలువు దగ్గరో, ఎవరి గృహప్రవేశంలోనో, "ఏదీ ఒకటి వాయించు" అంటారు, ఇంకొకరు ఫోన్ పైకెత్తి వీడియో మొదలుపెడతారు. మొదటి ఏడాది వద్దని చెప్పేయండి. వీడియోలు మీరు కూడా ఎక్కడా పెట్టకండి, లైకులు లెక్కపెట్టుకోవడం మొదలైతే మనం వాయించేది మన చెవి కోసం కాకుండా పోతుంది. అయితే అందరితో కలిసి వాయించే చోటికి మాత్రం తప్పకుండా వెళ్ళండి. పుష్య బహుళ పంచమికి తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధన జరిగినట్టే మన ఊళ్ళల్లో కూడా జరుగుతుంది, పంచరత్న కృతులు గోష్ఠిగానం చేస్తారు. విద్వాంసుల వెనకాల ఉద్యోగస్తులు, గృహిణులు, రిటైరైనవాళ్ళు వరసగా కూర్చుని కలుపుతారు, ఎవరి స్వరం ఎక్కడ తప్పిందో ఎవరూ చూడరు. ఒక ఏడాది ఊరికే వెళ్ళి వినండి. తర్వాత ఒక్క కృతి నేర్చుకుని వెనక వరసలో కూర్చోండి. ఒంటరిగా గదిలో వాయించే సంతోషం వేరు, ఇది వేరు, రెండూ కావాలి.

చివరికి ఆ పాత వీణ. ఎలక్ట్రానిక్ వీణ ఇప్పుడు కొనకండి. అది చెడ్డదని కాదు, తేలిగ్గా ఉంటుంది, అర్ధరాత్రి కూడా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయించుకోవచ్చు, ట్రాన్స్‌ఫర్లకి పట్టుకెళ్ళడం సులువు. కానీ మీరు పోగొట్టుకున్నది పనస చెక్క మోత, అది స్పీకర్లోంచి రాదు. ఆ వీణ పనికొస్తుందా అంటే చెక్క పగలకపోతే నూటికి తొంభై పాళ్ళు పనికొస్తుంది. అన్నేళ్ళు ఎండాకాలాలు చూసిన అటక కదా, 24 మెట్ల కింద ఉండే మైనం కరిగి జారిపోయుంటుంది, కొన్ని మెట్లు ఊడిపోయుంటాయి, తీగలు తుప్పుపట్టి ఉంటాయి. చూసి భయపడకండి, ఇవన్నీ మళ్ళీ చేసేవే. కొత్త మైనంతో మేళం కట్టించాలి, అంటే మెట్లన్నీ మళ్ళీ సరైన చోట నిలబెట్టించాలి, తీగలు మొత్తం మార్పించాలి, బిరడాలు జారుతుంటే సరిచేయించాలి, తీగలు ఆనే గుర్రం మీద ఉండే ఇత్తడి రేకు అరిగిందేమో చూపించాలి. అసలు చూడాల్సింది మూడు చోట్ల: కుండకి (గుండ్రటి చెక్క భాగానికి) నెర్రె ఉందా, దండి (పొడుగాటి మెడ) వంగిందా, పురుగు పట్టిందా. ఈ మూడూ లేకపోతే ఎంత ఖర్చయినా బాగుచేయించండి, కొత్త వీణ కొనాలంటే పదివేలతో తేలదు. మెడ కింద ఉండే సొరకాయ బుర్ర పగిలితే దిగులు అక్కర్లేదు, అది విడిగా మరతో బిగించేదే, వేరేది వేయించుకోవచ్చు.

ఇంట్లో మీరే గమ్ముతో మెట్లు అతికించే ప్రయత్నం మాత్రం చేయకండి, మెట్టు వెంట్రుకవాసి జరిగినా స్వరం పాడవుతుంది. మేళం కట్టేది చెవి ఉన్నవాళ్ళు చేయాల్సిన పని. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగలోంచి వీణలు చెక్కే కుటుంబాలు ఉన్నాయి, కానీ మీకు ఇంకా దగ్గర దారి ఉంది. తెనాలి నుంచి కారులో రాజమండ్రి వస్తూ హనుమాన్ జంక్షన్ దగ్గర ఎడమవైపు తిరిగితే నూజివీడు. అక్కడ కూడా తరాలుగా వీణలు చేస్తున్నవాళ్ళున్నారు. ముందు ఫోన్లో ఫొటోలు పంపి మాట్లాడి, తర్వాత తీసుకెళ్ళండి. మేళం కట్టడానికి కొన్ని రోజులు పట్టొచ్చు, వాళ్ళ దగ్గరే వదిలి ఇంకో ఆదివారం తెచ్చుకోవాల్సి వస్తే మీవారిని తోడు తీసుకెళ్ళండి, బిరడా తిప్పితే స్వరం ఎలా ఎక్కుతుందో ఆయన కూడా కళ్ళారా చూస్తారు.

తెచ్చేటప్పుడు తీగలు కొంచెం వదులు చేయండి, బుర్ర విప్పి విడిగా దుప్పటిలో చుట్టండి, వీణని వెనక సీటు మీద పడుకోబెట్టండి, డిక్కీలో వద్దు, బస్సు లగేజీలో అసలే వద్దు. కొత్త మైనం మీద ఎండ పడితే మళ్ళీ మొదటికొస్తుంది, కాబట్టి తెల్లవారుజామున బయల్దేరండి, దారిలో టిఫినుకి ఆగినా కారుని నీడలో పెట్టండి. ఎండలు ముదరకముందే ఈ పని అయిపోవాలి, అంటే అమ్మగారికి ఫోన్ ఇవాళే.